డ్రాగన్ నవలకు ఫలశ్రుతి

ఆ రోజుల్లో మా ఇంటికి ఏ మంచి కబురు వచ్చినా పై అంతస్తు నుంచి మెట్లు దిగే వచ్చేది. ఆ ఉద్యోగం సంగతి మొదట చెప్పింది కూడా పైన ఉండే మా ఓనరమ్మే. బోరబండలో వాళ్లింట్లో మేము అద్దెకుండేవాళ్లం. "పొద్దుగాల్నుంచి పుస్తకాలు ముంగటేస్కొని కూసుంటవ్ గదా! మా చెల్లె కోడలు చేసే ఆఫీసుల తెలుగు సదివేటోళ్లు కావాల్నంట. మాదాపూర్‌లనే. పోతవా?" అంది. పోతాను గానీ చూపించడానికి నా దగ్గర ఒక్క సర్టిఫికెట్టూ లేదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక బడికి వెళ్లలేదు. నాన్నగారే ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని నాకు చదువు చెప్పేవారు. (పుస్తకం ముట్టుకునే ముందు నేనూ కడుక్కోవాలి. చలికాలంలో నా చదువు కాస్త మందగించడానికి అదే కారణం.) "బడి గడప తొక్కనిదానికి ఉద్యోగం ఎవడిస్తాడన్నయ్యా? నీ చదువు నీ ఇంట్లోనే చెల్లుతుంది" అని మా మేనత్త ఆయన ముందే అనేది. నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. అందుకే, పదిహేను రోజులు పని చూసి అప్పుడు ఉంచుకునేదీ లేనిదీ చెప్తామని ఆఫీసువాళ్లు అన్నప్పుడు, ఈ పరీక్ష రాస్తున్నది నేను కాదు, నాన్నగారేననిపించింది.

ఫోన్లో తెలుగు పుస్తకాలు చదివించే యాప్ వాళ్లది. కుర్రకారు కోసమని డ్రాగన్ల నవల ఒకటి కొత్తగా పెట్టారు. రెండో భాగం రాయించాలా వద్దా అన్నది పాఠకుల అభిప్రాయాలను బట్టి తేల్చుకోవాలి. వాటిని మెచ్చుకున్నవి, తిట్టినవి, సంబంధం లేనివి అని మూడు కుప్పలు చేసి, చివరికి అన్నిటి సారం ఒక్క పేజీలో రాయడం నా పని. పని అప్పగించింది డెడ్‌లైన్ అక్క. (ఆ పేరు నేను పెట్టింది కాదు, ఆఫీసంతా అలాగే పిలిచేవారు, ఆవిడా పలికేది.)

"ముందు నవల చదవాలాండీ?" అని అడిగాను.

"నవల ఎందుకమ్మా? కామెంట్స్ చూడు, చాలు. ఫ్రైడే కల్లా కావాలె."

"మరి మీరు చదివారాండీ?"

"నాకు టైమ్ యాడిది? జర నీ పని చూస్కో."

డ్రాగన్ అంటే నాకు అంతవరకూ చైనీస్ హోటల్ బోర్డు మీద ఉండే బొమ్మే. ఇప్పుడు కొన్ని వందలమంది దాని గుణగణాలు నాకు చెప్తున్నారు. "హీరో కన్నా డ్రాగన్‌కే బుర్ర ఎక్కువ" అని ఒకరు, "డ్రాగన్‌కి జ్వరం వచ్చే సీన్ కిరాక్" అని ఇంకొకరు. "అంత జంతువు ఏం తింటుందో రాయలేదు, మా కుక్కకే అన్నం చాలట్లేదు" అని ఒక గృహిణి. "కథ సూపర్, కానీ మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుంది, అందుకే మూడు స్టార్లే" అని ఒక పిల్లాడు. (ఇది మెచ్చుకోలా, తిట్టా? ఒక పూటంతా ఆలోచించాను.) పాపం, వీళ్లంతా పనులు మానుకుని ఇంత ఓపిగ్గా రాశారు కదా అని ఒక్కొక్కరికీ మనసులో దండం పెట్టుకుంటూ చదవడం వల్ల నా పని నత్తనడక నడిచింది. కుతూహలం మాత్రం పరుగెత్తింది. జ్వరం ఎందుకొచ్చింది? ఎవరు చూశారు? అడిగితే చెప్పేవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు.

శుక్రవారం సారం రాయడానికి కూర్చున్నాను. ఒక పుస్తకం చదివితే ఏమవుతుందో చెప్పే పద్ధతి నాకు ఒక్కటే తెలుసు. మా ఇంట్లో ఏ పారాయణ అయినా ఫలశ్రుతితోనే ముగుస్తుంది. అదే రాసిచ్చాను. డెడ్‌లైన్ అక్క దాన్ని కూడా చదవకుండానే (అంత నమ్మకం ఉంచినందుకు ఆవిడకు నేటికీ కృతజ్ఞురాలిని) మీటింగులో తెర మీద పెట్టేసింది. పెద్దసారు పైకి చదవడం మొదలుపెట్టారు.

"ఈ కథను ఆద్యంతం శ్రద్ధగా చదివినవారికి రెండు రాత్రులు నిద్ర కరువగును. తొమ్మిదవ అధ్యాయము వరకు ఓర్చుకొన్నవారికి రెక్కలు మొలచినంత సంతోషము కలుగును. ఓర్వలేనివారికి మంత్రుల సమావేశము వద్దనే కునుకు ప్రాప్తించును. రాకుమారి ప్రేమ వలన పదునైదేండ్ల వారికి ఆనందమును, వారి తల్లులకు ఆందోళనయు సిద్ధించును…"

గదంతా పగలబడి నవ్వింది. నాకు మాత్రం నాన్నగారి కళ్లజోడు కనిపించింది. సారు కళ్లు తుడుచుకుని, "ఇంతకీ చివర్లో ఆ ముసలి డ్రాగన్ చచ్చిపోయిందా, బతికిందా? సగంమంది ఏడ్చారనీ, సగంమంది పండగ చేసుకున్నారనీ రాశావు?" అన్నారు. డెడ్‌లైన్ అక్క పక్కాయన వైపు చూసింది. ఆయన ఏసీ వైపు చూశాడు.

"నేను నవల చదవలేదండి" అన్నాను.

సారు "నేనూ చదవలేదులే" అని గొణిగారు. "రెండ్రోజులు సెలవు కదా, చదివి సోమవారం రామ్మా. నీ సంగతి అప్పుడు చూద్దాం."

ఆ రెండు రోజులూ నవల పైకి చదివాను. నాన్నగారు పీట వేసుకుని విన్నారు. "శాకాహారేనా?" అని ఒకే ఒక్క సందేహం అడిగారు. చివరి పేజీలో ముసలి డ్రాగన్ తన కడుపులోని నిప్పంతా ఊరి పొయ్యిలకు పంచి, చల్లబడ్డ ఒంటితో పొగమంచులోకి ఎగిరిపోతుంది. అంతే, కథ అయిపోయింది. చచ్చిందో బతికిందో రచయిత చెప్పలేదు. సగం సగంగా విడిపోయిన ఆ పాఠకులందరూ నిజమే రాశారన్నమాట. "ఆ పేజీ ఇంకోసారి చదువమ్మా" అన్నారు నాన్నగారు.

సోమవారం అందరికన్నా ముందే వెళ్లి మూడో కుప్ప, అంటే సంబంధం లేనివి, మళ్లీ తిరగేశాను. అందులో ఒక అమ్మాయి రాసింది దొరికింది. "రోజూ దీపం పెట్టేటప్పుడు తన పేరు కూడా అనుకుంటున్నా. మంచులో ఎక్కడుందో ఏమో. ఇంటర్ సెకండియర్, చందానగర్." ఏదో భక్తి పుస్తకం కింద రాయబోయి పొరపాటున ఇక్కడ రాసి ఉంటుందనుకుని, ఆ అమ్మాయి మాటను నేనే అక్కడ పడేశాను. పూట పూటా దీపం పెట్టే నేనే! కొత్త పేజీలో దాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, "వీరు అడుగుతున్నది రెండో భాగం కాదు, డ్రాగన్ క్షేమం" అని కింద రాశాను. సారు ఈసారి పైకి చదవలేదు, నవ్వలేదు. "ఉండిపోమ్మా. ఆ రెండో భాగం రాయమని కూడా చెబుదాం" అన్నారు.

ఆ సాయంత్రం నాన్నగారు తనంతట తనే మేనత్తకు ఫోన్ చేశారు. "ఆఁ, ఉద్యోగమే… డ్రాగన్ల మీద… పాములాంటిదేలే, కానీ చాలా మంచిది" అనడం వినిపించింది.

ఏ మాటకు ఏ కుప్పో తనకు తెలుసనుకున్న ఆనాటి పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. మీలో దీపం పెట్టే అలవాటున్నవారు ఒక్కసారి ఆ చందానగర్ అమ్మాయిని తలుచుకోండి. డ్రాగన్ సంగతి ఆ అమ్మాయి చూసుకుంటుంది.