గుమ్మం దగ్గరి బండ

వాన వెలిసిన పొద్దున వరండాలోకి అడుగు పెడితే, తడిసిన పలకరాయి చల్లదనం అరికాలి నుంచి మోకాలి దాకా పాకుతుంది. ఈ బండలు మార్కాపురం నుంచి పట్టుబట్టి తెప్పించుకున్నాను. నున్నగా మెరిసే రంగురాళ్ళు వేయించుకోమని మేస్త్రీ ఎంత చెప్పినా వినలేదు. ఒంటరి ముసలిదానికి ఈ పంతమేమిటని అతను నవ్వుకునే ఉంటాడు. పంతం కాదు. ఆ చల్లదనం తగిలితే నా పక్కన ఒక మనిషి వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఆ మనిషి ఎస్తేరమ్మత్త.

దొనకొండకు, మార్కాపురానికి మధ్య మెట్ట చేల నడుమ మా ఊరు. కొత్తగా రాష్ట్రం వచ్చిన రోజులు, మేమింకా కర్నూలు జిల్లా వాళ్ళం. ఊరి చివర పలకరాళ్ళు పరిచిన చిన్న ప్రార్థన గుడి ఉండేది. నెలకొకసారి ప్రభు భోజనపు రొట్టె పంచే ముందు సంఘ పెద్ద దావీదు తాత ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి పిలిచేవాడు. ఇంటి పెద్ద లేచి, తన ఇల్లు దేవుడితోనూ మనుషులతోనూ సమాధానంగా ఉందని చెప్పాలి. ఆయన చెప్పాడంటే ఇల్లంతా చెప్పినట్టే. చెప్పలేకపోతే మాత్రం ఆ ఇంటి వాళ్ళంతా గుమ్మం దగ్గరి బండ మీదికి పోవాలి. రొట్టె అందరి చేతుల్లోకీ పోతుంటే అక్కడి నుంచి చూస్తూ కూర్చోవాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు అమ్మా నేనూ ఆ బండ మీదికి పోయాం.

మా నాయన చేసిన పని చిన్నదేమీ కాదు. వరసకు అన్న అయ్యే మనిషి చేను ఒక ఆసామి కలిపేసుకున్నాడు. ఆ ఆసామి దగ్గరే నాయన పాలేరు. భయపడ్డాడో, మొహమాటపడ్డాడో, మార్కాపురం కోర్టులో దేవుడి గ్రంథం మీద చెయ్యేసి ఆ చేను ఆసామిదేనని ప్రమాణం చేశాడు. చేను పోయిన మా పెదనాయన పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని గిద్దలూరు వైపు కూలికి వెళ్ళిపోయాడు. సంఘం మా నాయనను లేచి నిలబడి తప్పు ఒప్పుకోమంది. ఆయన ఒప్పుకోలేదు. ఒకరోజు తెల్లారకముందే దొనకొండ నడిచిపోయి రైలెక్కాడు. ఇంటి పెద్ద లేని ఇంటికి జవాబు చెప్పే నోరు లేకుండా పోయింది.

పదిహేనేళ్ళు వచ్చేసరికి నాకు బాప్తిస్మం కావాలనిపించింది. ఎవరూ నేర్పకపోయినా చేలో కలుపు తీస్తూ దేవుడితో మాట్లాడుకునేదాన్ని. నాది అని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ మాటలే. పెద్దల దగ్గరికి పోయి అడిగితే, మీ నాయన వచ్చి ఒప్పుకున్నాక చూద్దామన్నారు. కసిరి చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. జాలిగా చెప్పారు, అందుకే మరీ కష్టమైంది.

ఎస్తేరమ్మత్తను చుట్టుపక్కల ఊళ్ళన్నీ బైబిలమ్మ అని పిలిచేవి. మా ప్రాంతానికి మొదట సువార్త తెచ్చిన బోధకుడి కూతురామె. పెళ్ళి చేసుకోలేదు. నల్ల గొడుగు వేసుకుని ఎండలో ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పేది. ఓదార్చడం ఆమెకు చేతకాదు. ఎవరైనా ఏడిస్తే, ముందు ముక్కు తుడుచుకోమనేది. గుడిలో వేదిక ముందరి బండ ఆమెది. తండ్రి మీది గౌరవంతో సంఘం ఆ చోటు ఆమెకు విడిచిపెట్టింది.

ఒక మధ్యాహ్నం మా పంచలో చేటలో సజ్జలు చెరుగుతూ ఆమె నాకు యెహెజ్కేలు ప్రవక్త సంగతి చెప్పింది. చెరపట్టిన రాజు తోలుకుపోతే పరాయి దేశంలో ఒక కాలువ పక్కన బతుకుతున్న జనమట. తాతతండ్రులు చేసిన పాపం మేం మోస్తున్నామని ఎప్పుడూ ఏడుపేనట. కాదని దేవుడు ఆ ప్రవక్త నోట చెప్పించాడట. తండ్రి దోషం కొడుకు మోయడు, తండ్రి నీతి కొడుకును కాపాడదు, ఎవరి లెక్క వారిదే. తప్పు చేసినవాడు చావడం దేవుడికి సంతోషం కాదు, వెనక్కి తిరిగి వచ్చి బతకడమే సంతోషం.

నా గుండె పొంగిపోయింది. అయితే వచ్చే నెల గుడిలో నేనే లేస్తానన్నాను. నాయన బదులు నేనే తప్పు ఒప్పుకుంటే ఇల్లు తేలికవుతుంది కదా అన్నాను. ఆమె చేట కింద పెట్టింది.

"నీ కోసం నువ్వు లేచి నిలబడు, మార్తా. మీ నాయన కోసం నిలబడే చోటు నీకు లేదు. ఆయన తప్పు నీ మీద లేదన్నప్పుడు, ఆయన పశ్చాత్తాపం నీ చేతిలో యాడుంటది?"

మరి ఆయన ఎప్పటికీ రాకపోతేనో అని అడిగాను. ఆమె మళ్ళీ చేట అందుకుంది. అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను. దేవుడి ముందు ఒక్కదాన్నే నిలబడవచ్చని తెలిసిన రోజే, మా నాయన కూడా అక్కడ ఒక్కడే నిలబడాలని తెలిసింది.

మరుసటి నెల గుడిలో ఇళ్ళ పేర్లు పిలవడం మొదలైంది. మొదట పిలిచేది ఎస్తేరమ్మత్త ఇంటినే. తండ్రి పోయాక ఆ ఇంటికి ఆమే పెద్ద. ఆమె లేచింది కానీ మాట చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, జనం మధ్యగా నడిచి వచ్చి, గుమ్మం దగ్గర నా పక్కన కూర్చుంది. ఇదేందమ్మా అని దావీదు తాత అడిగాడు.

"మా నాయన మంచితనం మీద ఇన్నేండ్లు ముందర కూర్చున్నా, తాతా. ఈ పిల్ల వాళ్ళ నాయన తప్పు మీద ఎనక కూర్చుంది. ఇది తప్పైతే అదీ తప్పే."

ఆ రోజు రొట్టె పళ్ళెం మా దాకా రాలేదు. ఆ తర్వాత నెలా రాలేదు. ఆడవాళ్ళు ఆమెను వాక్యానికి పిలవడం తగ్గించారు. పెద్దల మీద అలిగిందని కొందరు, మతి చలించిందని కొందరు అనుకున్నారు. ఆమె నాతోనూ పెద్దగా మాట్లాడేది కాదు. వచ్చి కూర్చునేది, ప్రార్థన చేసుకునేది, గొడుగు తీసుకుని ఒక్కతే వెళ్ళిపోయేది. నాకు జాలేసేది, కోపమూ వచ్చేది. నా కోసం ఇంత చేసిన మనిషి ఒక్కసారైనా తల నిమరకూడదా అనుకునేదాన్ని.

వానలు పడి గుండ్లకమ్మ ఏటిలో మడుగులు నిండాక దావీదు తాత మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, నువ్వు దేవుణ్ణి నమ్మినావా అని అడిగాడు. మా నాయన ఊసెత్తలేదు. ఆదివారం నన్ను బాప్తిస్మానికి ఏటి దగ్గరికి తీసుకుపోయారు. నీళ్ళలోకి దిగబోతూ భయమేసి ఎస్తేరమ్మత్త చెయ్యి పట్టుకున్నాను. ఆమె మెల్లగా విడిపించుకుంది.

"నేను గట్టు మీదనే ఉంటా, పో."

ఆ తర్వాత పళ్ళెం గుమ్మం దాకా వచ్చేది. ఆమె మాత్రం మళ్ళీ ముందు బండ మీదికి పోలేదు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా పోయిందని కబురొచ్చింది. అప్పుడు నేను వెళ్ళలేకపోయాను. ఆ దిగులు ఇప్పటికీ అట్లాగే ఉంది.

అమ్మ కూడా పోయాక, చాలా ఏళ్ళకు మా నాయన తిరిగి వచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు. మంచంలో పడి, ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు సంఘంలో మాట ఉందమ్మా. నా బదులు నువ్వు చెప్పు. నాకు మొగం చెల్లదు."

సరేనని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. తండ్రి అంత చిన్నగా అడిగితే ఏ కూతురు కాదంటుంది? గుడి దాకా తోడు వస్తాను, పక్కనే కూర్చుంటాను, మాట మాత్రం నువ్వే చెప్పాలి నాయనా అన్నాను. ఆయన గోడ వైపు తిరిగాడు. కొన్నాళ్ళు అటే తిరిగి పడుకున్నాడు. ఆ రోజుల్లో ఎస్తేరమ్మత్త మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

తర్వాత ఒక పొద్దున తనంతట తనే అన్నాడు. "గిద్దలూరు నుంచి అన్నను పిలిపియ్యి."

పెదనాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నన్ను బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వెయ్యమని నాయన చెప్పాడు. గుమ్మం ముందరి బండ మీద కూర్చున్నాను. లోపలి నుంచి మా నాయన గొంతు వినిపించింది. మాటలు చెవిన పడకుండా లేచి వేపచెట్టు దాకా పోయాను. ఎంతసేపటికో పెదనాయన బయటికి వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకుని, నాతో ఒక్క మాటైనా అనకుండా బస్సు వైపు నడిచాడు. నేనూ అడగలేదు. లోపలికి పోతే నాయన దాహమన్నాడు. మంచినీళ్ళు పట్టాను.

గుడి రోజు దాకా ఆయన ఉండలేదు. ఒప్పుకునే పోయాడా అని సంఘంలో చాలామంది అడిగారు. తెలియదన్నాను. కూతురివై ఉండి తెలియకపోవడమేమిటని వాళ్ళు ఆశ్చర్యపోయారు. తెలుసుకోవాలని ఇప్పటికీ కొన్ని రోజులు తహతహలాడతాను. పెదనాయన కూడా పోయాడు, ఇక చెప్పేవాళ్ళు లేరు. మనిషికి మనిషి తోడు గుమ్మం దాకానే. కానీ ఆ గుమ్మం దాకా వచ్చి కూర్చునేవాళ్ళు కూడా ఎంత అరుదో నాకు తెలుసు. అందుకే ఈ పలకరాయి మీద కూర్చున్నప్పుడు, ఇంట్లో నేను ఒక్కదాన్నే అయినా, కొంచెం పక్కకు జరిగి కూర్చుంటాను.