గుమ్మం ముందు మగ చెప్పులు

మా వీధిలో దొంగలు పడింది పట్టపగలు. రాత్రిళ్ళు వచ్చే దొంగలకైతే గూర్ఖా ఉన్నాడు, కుక్కలున్నాయి. మగవాళ్ళంతా ఆఫీసులకు పోయి, ఆడవాళ్ళు మ్యాట్నీకి పోయిన ఇల్లు చూసుకుని దూరితే ఎవరేం చేస్తారు? ఒకరింట్లో ఇత్తడి బిందెలు పోయాయి, ఇంకొకరింట్లో పట్టుచీరలు, గోడగడియారం. డెబ్భైల చివర్లో పటమట సగం ఊరు, సగం పొలం. మా సందు దాటితే వరిచేలే. నెత్తిన మూటతో గట్టు మీద నడిచిపోయేవాణ్ణి అడిగే నాథుడు లేడు.

దాంతో వీధి కమిటీ వెలిసింది. రిటైరైన హెడ్మాస్టరుగారొకాయన దానికి పెద్ద. బడి అయిపోయాక గద్దించడానికి మనుషులు దొరక్క ఇదైపోతున్నారేమో, మా ఆడవాళ్ళ మీద పడ్డారు. నా దగ్గరకు ప్రత్యేకంగా వచ్చారు, ఒంటరిగా ఉండేదాన్ని కదా. మా ఆయన ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను కట్టే చోట పని. షిఫ్టులు దిగి ఊరు ఈ చివర దాకా రాలేక అక్కడే తోటివాళ్ళతో గది తీసుకున్నారు. ఆదివారం వచ్చేవారు, సోమవారం తెల్లవారకుండానే బస్సెక్కేవారు.

"చూడమ్మా, ఇంట్లో మగదిక్కు ఉన్నట్టు కనపడాలి," అన్నారు హెడ్మాస్టరుగారు. "మీ ఆయన పాత చెప్పులు గుమ్మం ముందు పెట్టండి. రోజూ కాస్త అటూ ఇటూ జరుపుతూ ఉండాలి, లేకపోతే దొంగ వెధవ పసిగడతాడు. మధ్యాహ్నం రేడియో పెట్టండి. సన్నగా! మాటలు తెలియకూడదు, మగగొంతు మాత్రం వినపడాలి. తలుపు గడియ వేసే ఉంచండి. ఇల్లు వదిలి ఎక్కడికీ పోకండి."

"అలాగేనండీ," అన్నాను. అనక ఛస్తానా?

నిజం చెప్పాలంటే మా ఇంట్లో దొంగ మోసుకుపోయేంత సొమ్మేమీ లేదు. ఆ వీధిలో నాకున్నదల్లా ఎదురింటి అమ్మాయి. ఆమె భర్తకు మెయిన్ రోడ్డు మీద పరుపుల దుకాణం. ఘోషా పాటించే ఇల్లు, ఆమె బజారుకైనా వెళ్ళేది కాదు. మధ్యాహ్నం సందులో మగ పురుగు లేనప్పుడు తలమీద కొంగు లాక్కుని ఒక్క పరుగున మా గుమ్మం ఎక్కేది. "అక్కా, ఏం వండారు?" అంటూ తిన్నగా వంటింట్లోకే వచ్చేది. నా చేత చింతచిగురు పప్పు నేర్చుకుంది, నాకు సేమ్యా పాయసం నేర్పింది. నేను ఎవరి మీద విసుక్కున్నా విరగబడి నవ్వేది. ఆ గంటసేపటి కోసం పొద్దుట్నించీ పనులు తెముల్చుకునేదాన్ని. ఆమె నాకు అంత.

కమిటీ పెట్టాక ఆమె రావడం మానేసింది.

ఎందుకో నాకు తెలుసనుకున్నాను. హెడ్మాస్టరుగారింట్లో జరిగిన మీటింగులో ఒకాయన, "ఆ పరుపులాయన ఇంటికి ఎవరెవరో బంధువులొస్తారండీ, ఓ కన్నేసి ఉంచాలి," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "బంధువులు మీ ఇంటికి రారా ఏమిటి?" అని అడిగేశాను కూడా. అయినా ఆ మాట ఆమె చెవిన పడి ఉంటుంది, ఈ వీధి వాళ్ళందరినీ ఒకే గాటన కట్టేసి ఉంటుంది అనుకున్నాను. ఒకపక్క బాధ, ఇంకోపక్క రోషం. ఆమె తరఫున పోట్లాడిన నాతో కూడానా?

నువ్వే వెళ్ళి అడగొచ్చుగా అంటారు. ఇల్లు వదిలితే హెడ్మాస్టరుగారు ఈల ఊదుతూ తయారు. ఒకసారి వాకిట్లోకి వచ్చి చూస్తే ఎదురింటి తలుపుకు పరదా వేలాడుతోంది. పిలుద్దామని నోటిదాకా వచ్చి, సందులో ఎవరో సైకిలు మీద వస్తుంటే ఊరుకున్నాను.

ఆవకాయ రోజులు పోయాయి, వానలు పట్టుకున్నాయి. వీధి వీధంతా పగలే తలుపులు బిడాయించుకుని కూర్చుంది. అరుగుల మీద బియ్యం ఏరుకుంటూ కబుర్లాడుకోవడం పోయింది. పూలమ్మి అరిచి అరిచి పోయేది. నేను రేడియోలో వ్యవసాయదారుల కార్యక్రమం వింటూ, సుడిదోమకు ఏ మందు కొట్టాలో చెప్పే ఆయనకు "అవునా, సరేలెండి" అని జవాబిచ్చే స్థితికి వచ్చాను. నవ్వులాటకు చెప్పడం లేదు. ఒక్కోరోజు పాలవాడితో తప్ప మనిషితో మాట్లాడిన పాపాన పోలేదు. అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం సందులో లారీ ఆగింది. కిటికీ రెక్క తీసి చూస్తే ఎదురింటి సామాను ఎక్కిస్తున్నారు. ఇంతలో మా మెట్ల కింది నుంచి, "అక్కా, ఒక్కసారి బయటికొస్తారా?" అని వినపడింది.

గడియ తీసి పరుగెత్తాను. బురఖాలో ఉంది, మెట్టు మాత్రం ఎక్కలేదు.

"బందరు వెళ్ళిపోతున్నామక్కా. మా మరిది దగ్గర దుకాణం పెడతారంట," అంది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "భాయ్‌సాబ్‌కి ఎట్లా ఉందిప్పుడు?" అని అడిగింది.

"ఆయనకేమైంది?"

"ఇన్ని నెలల్నించీ డ్యూటీకి పోకుండా ఇంట్లోనే ఉంటున్నారు గదా. ఒంట్లో బాలేదో, ఉద్యోగమే పోయిందో... ఎట్లా అడగనూ? మొగమనిషి ఇంట్లో ఉంటే ఎట్లా రానూ? చాలాసార్లు ఈ మెట్ల దాకా వచ్చా. చెప్పులు చూసి, లోపల ఆయన గొంతు విని, వెనక్కి పోయా. రోజూ నమాజులో ఆయన కోసం దువా చేస్తన్నా అక్కా."

లోపల రేడియో సన్నగా గొణుగుతూనే ఉంది.

"అది రేడియోనే పిచ్చిదానా!" అన్నాను. "ఆయన ఇబ్రహీంపట్నంలోనే ఉన్నారు. దొంగల భయానికి పెట్టమన్నారు ఇవన్నీ. ఇంట్లో నేను తప్ప పిట్ట కూడా లేదు."

ఆమె చెప్పుల వంక చూసింది, తలుపు వంక చూసింది. నవ్వుతుందనుకున్నాను. మేలిముసుగు వెనక కళ్ళు నిండిపోయాయి.

"ఒక్కరేనా? ఇన్నాళ్ళూ?" అంది. "నేనూ ఒక్కదాన్నే గదక్కా, ఎదురుగానే."

"రా, లోపలికి రా, మంచినీళ్ళన్నా తాగి వెళ్ళు," అంటూ చెయ్యి పట్టుకుని లాగాను. ఒక మెట్టు ఎక్కింది. లారీవాడు హారను కొట్టాడు, ఆమె భర్త పిలిచాడు. చెయ్యి విడిపించుకుని దిగిపోయింది.