ఆరేసి కుచ్చుల లక్క ముద్ర

1978లో నన్ను తిరువళ్ళూరులో రిజిస్టరింగ్ ఆఫీసరుగా వేశారు. పురావస్తువుల చట్టం కొత్తగా అమల్లోకి వచ్చిన రోజులవి. ఎవరింట్లో పాత విగ్రహమో పటమో ఉంటే చూసి, నిజంగా నూరేళ్ళు దాటిందో లేదో తేల్చి నమోదు చేయడం మా పని. హోదా వినడానికి ఘనంగా ఉండేది. జీపు మాత్రం లేదు. ఒక భూతద్దం, ఒక టార్చిలైటు, ఒంటె వెంట్రుకల కుంచె ఇచ్చి ఊళ్ళ మీదికి వదిలారు. జనం మహా పురాతనమని తెచ్చినవి చాలావరకు వాళ్ళ అత్తగార్ల కంటే వయసులో చిన్నవి.

ఆ ఏడు జూలైలో, ఆడి నెల మొదట్లో తాసిల్దారు గారు ఒక పిటిషను నా బల్ల మీదికి తోశారు. కడంబత్తూరు దగ్గరి ఒక ఊరి నుంచి గోవిందస్వామి నాయుడనే రైతు పెట్టుకున్నది. తన బావమరిది మునిరత్నం నాయుడి ఇంట్లో పూజలందుకుంటున్న ఇత్తడి పెట్టె నకిలీదట. దాని మీది ఎర్ర ముద్ర పోస్టాఫీసులో పార్సిళ్ళకు వేసే లక్కట. ఆ పెట్టెను చూపించి మునిరత్నం ప్రతి ఆడి కృత్తిక పండుగకూ తిరుత్తణి మురుగన్ కొండకు పోయే కావళ్ళలో మొదటి కావడి ఎత్తుతున్నాడట. ముద్ర దొంగదని తేలితే ఆ మర్యాద తనకు రావాలని గోవిందస్వామి కోరిక. కావడి తగాదాలు మా శాఖ కిందికి రావని నేనంటే, పాతదో కొత్తదో నువ్వు చెప్పు, మిగతాది మురుగన్ చూసుకుంటాడని తాసిల్దారు గారు చేతులు దులుపుకున్నారు.

మునిరత్నానికి అరవై దాటి ఉంటాయి. పెట్టె కథ ఆయనే చెప్పాడు. వాళ్ళ ముత్తాత తండ్రి బాడుగ బండి తోలేవాడు. జ్వరంతో దారిలో పడి ఉన్న ఒక స్వామిని బండిలో వేసుకుని కాపాడాడు. ఆ స్వామికి తెల్ల గడ్డం, పాదాల దాకా అంగీ. మాట సరిగా వచ్చేది కాదు. అంతటితో ఆయన సిద్ధపురుషుడని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. పోతూ పోతూ ఈ పెట్టె చేతిలో పెట్టి, తెరవొద్దని సైగ చేసి వెళ్ళాడట.

స్నానం చేయకుండా పెట్టెను ముట్టడానికి లేదన్నారు. పంపుసెట్టు కింద తలారా పోసుకుని, తడి పంచెతో, ప్రభుత్వం వారి కుంచె పట్టుకుని కూర్చున్నాను. ముద్ర గాడుల నిండా కొన్ని తరాల గంధం, కుంకుమ గట్టిపడి ఉన్నాయి. సీలు వేసే లక్క వేడికి ఇట్టే మెత్తబడుతుంది కాబట్టి చల్లటి నీళ్ళలో ముంచిన దూదితోనే తుడవాలి. హారతి కర్పూరం సెగకు ఒక అంచు అప్పటికే జారిపోయింది. నేను తుడుస్తుంటే అభిషేకం అనుకుని ఆయన భార్య గంట వాయించడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు. నా ఉద్యోగంలో నాకు గంట మోగింది ఆ ఒక్కసారే.

తుడిచాక టార్చి పక్కవాటుగా పట్టి చూశాను. నడుమ నిలువుగా ఒక కోల. పైన వెడల్పాటి టోపీలాంటిది. దాని నుంచి రెండు వైపులా తాళ్ళు, వాటికి ఆరేసి కుచ్చులు.

"ఆరు ముఖాలు, పన్నెండు చేతులు, నడాన వేలాయుధం. ఇంగేం కావాల సార్?" అన్నాడు మునిరత్నం.

లెక్క చక్కగా కుదిరింది. చిక్కల్లా అంచు చుట్టూ మిగిలిన రోమన్ అక్షరాలతోనే వచ్చింది. ఈ ఉద్యోగానికి ముందు నేను మ్యూజియంలో నాణేలు, ముద్రలు సర్దేవాణ్ణి. నడుమ సిలువ కోల, పైన టోపీ, తాళ్ళు, పక్కకు ఆరేసి కుచ్చులు ఉంటే అది కేథలిక్ బిషప్పు ముద్ర. అంచున మిగిలిన పేరును బట్టి ఆ బిషప్పు నూరేళ్ళకు ముందటివాడే. పెట్టె చుట్టూ దారం అడ్డదిడ్డంగా కట్టి, ముడి మీద లక్క పోశారు. అలాంటి పెట్టెల్లో ఎవరో పునీతుడి ఎముక ముక్కో గుడ్డ పీలికో ఉంచి, ఎవరూ తెరవకుండా ముద్ర వేస్తారు. సిద్ధపురుషుడు పాదిరీ అన్నమాట. ఆయనకు మాటలు రాకపోవడం తపస్సు వల్ల కాదు, తెలుగు వల్ల.

మునిరత్నానికి ముందే చెప్పాను. ముఖం పాలిపోయింది.

"మా తాతలు, మా నాయన అందురూ ముందర నడిసినారు సార్. నా కాడ అది పోతే ఊర్లో మొగమెట్ల సూపించేది? పాతదని మటుకు సెప్పి నిలిపేయండ సార్."

నాకు జాలేసింది. ఆ పూట నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది కూడా. కానీ ముద్ర ఎవరిదో తెలిశాక సగం చెప్పి సగం మింగడం మా పనిలో కుదరదు. అదే మాట ఆయనతో అన్నాను.

కృత్తికకు ముందు ఆదివారం భజన గుడి దగ్గర ఊరి పెద్దలు కూడారు. సంగతి ఎలాగో పసిగట్టిన గోవిందస్వామి, పెట్టెను తీసుకుపోతాడన్న ఆశతో తిరువళ్ళూరు నుంచి ఒక ఫాదర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. పోస్టాఫీసు లక్క కాదనీ, నూరేళ్ళు దాటిందనీ, బిషప్పు ముద్ర అనీ చెప్పి కూర్చున్నాను. తన ఫిర్యాదు తప్పని తేలిన సగం గోవిందస్వామి చెవికెక్కలేదు. "ఇంగేముండాది? పెట్టె ఫాదర్ కి, కావడి నాకి!" అంటూ లేచాడు.

ఫాదర్ ఆ ప్రాంతపు తెలుగువాడే. కళ్ళద్దాలు పెట్టుకుని పెట్టె తిప్పి, దారాన్ని గోటితో మీటి చూశాడు.

"దారం తెగలా, ముద్ర పగలలా. మా చర్చి కోయిళ్ళలోనే ఆత్రం ఆపుకోలేక ఇప్పి సూసి సెడగొట్టినోళ్ళు ఉండారు. ఈ ఇంట్లో ఒకరు గూడా ముట్టలేదు. ఇంతకంటే బాగా దాసేదానికి నా చేత గాదు. ఈడే ఉండనీండ. కర్పూరం మటుకు దగ్గిర సూపించొద్దండ."

గోవిందస్వామికి ఒళ్ళు మండిపోయింది.

"తాతల కాలం నించి లోపలేముండాదో సూడకుండా ఎట్లుండినార్రా మీరు? నేనైతే ఇంటికొచ్చిన పొద్దే పగలగొట్టి సూసుందును!"

 పెద్దాయన ఒకరు తాంబూలం పక్కకు ఉమ్మి, "అందుకేరా అది నీ ఇంట్లో లేదు" అన్నాడు. నవ్వులు ఆగలేదు. కావడి ఎవరిదని తర్వాత ఎవరూ అడగలేదు. మునిరత్నం ఒక్కడే నవ్వలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

కృత్తిక నాడు నేనూ తిరుత్తణి వెళ్ళాను. అరోహరా అని జనం కేకలు పెడుతుంటే, మునిరత్నం మొదటి కావడికి కట్టిన పెట్టె మీది రోమ్ వారి టోపీ, కుచ్చులు మెట్లెక్కి మురుగన్ దగ్గరికి వెళ్ళాయి. ఇద్దరు దేవుళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ తర్వాత సర్వీసంతా ముద్రలు చూసినప్పుడల్లా ఒక తేడా పాటించాను. ఎవరు మూశారన్నది ముద్ర చెబుతుంది, అది చదవడం నా పని. అది ఎవరి సొత్తన్నది తెరవకుండా ఉంచినవాళ్ళను బట్టి తేలుతుంది, దానికి భూతద్దం అక్కరలేదు.