కంప్యూటర్ అడిగిన పేరు

డిగ్రీ అయిన ఏడాది, 2002లో, నాందేడ్‌లోని ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మా హెడ్ క్లర్కు గంగారాం కాక ఈమెయిల్ తెరిచినప్పుడల్లా ఆ ప్రోగ్రాం పాస్‌వర్డ్ అడిగేది. గుర్తుంచుకోమని టిక్కు పెట్టినా మర్నాడు మళ్లీ అడిగేది. నేను బాగు చేస్తానని గొప్పగా కూర్చున్నాను.

"పాస్‌వర్డ్ చెప్పుండ్రి కాకా."

"నువ్వు జరుగు, నేను కొడ్త."

"నాకు చెప్తే ఏమైతది? ఒక్కసారి సరిచేస్తే మల్ల ఎన్నడు అడగది!"

ఆయన తల దించుకుని చీటీ మీద రాసిచ్చారు. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుంటూ, "సురేఖ" అని అందరికీ వినబడేలా చదివేశాను.

ఆఫీసులో అందరూ తలెత్తి ఆయన వైపు చూశారు. సురేఖ ఆయన కూతురట. చెప్పకుండా పెళ్లి చేసుకుందని, ఇంట్లో ఆ పేరే ఎత్తొద్దని ఆయనే అందరిచేతా ఒట్టు పెట్టించారట. పక్క సీటామె ఇదంతా చెవిలో చెబుతుంటే నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా ఆత్రం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు ప్రోగ్రాం మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. ఇంకోసారి చూడనా అన్నాను మెల్లగా.

కాక తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఉండనీ బిడ్డా. దాని పేరు నన్ను అడిగేది గిదొక్కటే."