బానెట్ కింద పిండి ముద్ద

నా చిన్నప్పుడు మొఘల్‌పురాలో మా ఇంటిని ఎవరూ పాలవాళ్ల ఇల్లు అనలేదు, నవాబుల భవంతిని అన్నట్టు పాల దేవిడీ అన్నారు. మా ముత్తాత తండ్రి ఎనభై బర్రెలతో ఆ కొట్టం పెట్టాడు. మా ముత్తాత పోసిన పాలు చేరనిదే చుట్టుపక్కల నవాబుల దేవిడీల్లో పొద్దుటి చాయ్ పొయ్యి ఎక్కేది కాదు. మా తాత పాలబండి చప్పుడు విని జనం గడియారాలు సరిచేసుకునేవారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

ఇన్ని ఉన్నా, మా ఇంటికి అసలు గౌరవం బోనాల పండుగనాటిది. బస్తీ నుంచి అమ్మవారి గుడికి సాగే ఫలహారం బండ్ల వరుసలో మొదటి బండి మాదే. ఎడ్లబండి కాలం నుంచీ అంతే. ఎడ్లు పోయాక తాత ఒక పికప్ కొన్నాడు. కొన్ననాటికే అది ముసలిది. గుండ్రటి ముక్కు, పొడవాటి బానెట్, ఆ బానెట్ కొసన తాత ప్రత్యేకంగా చేయించి బిగించిన చిన్న ఇత్తడి పాలబిందె. పండుగనాడు దాన్ని కడిగి, వేపమండలు, బంతిపూలు కట్టి, వెనుక నైవేద్యాల గంపలు పేరిస్తే, ఏడాదంతా గడ్డి మోసిన సంగతి తానే మరిచిపోయినట్టు నిలబడేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ బండి మా తల దించింది. ఊరేగింపులో బండి నడవదు, పాకుతుంది. ముందు ఒళ్లంతా పసుపు పూసుకున్న పోతరాజు కొరడాతో ఆడి, డప్పులు ఆగి, మళ్లీ మొదలైతే గాని చక్రం కదలదు. ఇంజన్‌కు గాలి తగలదు. గుడి మలుపు దగ్గర మా బండి ఉడికిపోయి, బుస్సుమని ఆవిరి చిమ్మి ఆగిపోయింది. వెనుక బండ్లన్నీ ఆగాయి. చివరకు పోతరాజే కొరడా మెడలో వేసుకొని మా బండిని గుడిదాకా నెట్టాడు. మరుసటి ఏడు ఆషాఢం రాకముందే బస్తీ పెద్దలు వచ్చి, మా చాయ్ తాగి, మర్యాదగానే చెప్పిపోయారు. ఈసారి ఆగితే ముందు స్థానం ఉల్లిగడ్డల సేటు బండికి పోతుంది.

అప్పుడు తాత చేసిన తప్పు మా ఇంటివాళ్లే చేయగలిగిన తప్పు. "మనసొంటోళ్ల బండికి గింతంత రేడియేటర్ ఏంది?" అని పాతసామాన్ల బజారుకు పోయి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది, ఒక లారీ రేడియేటర్‌ను తెచ్చాడు. గ్యారేజీ అతను దాన్ని ఎలాగో లోపల ఇరికించాడు. బానెట్ మాత్రం మూతపడలేదు. నాలుగు వేళ్ల సందు మిగిలితే నులక తాడుతో కట్టి పంపాడు. పైగా ఇంజన్ తిరిగితే ఫ్యాను రెక్కలు రేడియేటర్‌కు రాసుకొని గరగరమనేవి. బండి మా వీధిలోకి రాగానే ఉల్లిగడ్డల సేటు తన దుకాణం మెట్ల మీది నుంచే పలకరించాడు.

"ఏంది బాపు, బండి ఆవలిస్తున్నది? రాత్రి నిద్రలేదా దానికి?"

తాత తల తిప్పలేదు. మా ఇంట్లో తల తిప్పడమంటే మాట తగిలిందని ఒప్పుకోవడమే.

పండుగనాడు పొద్దున గ్యారేజీ అతను వచ్చి ఒకటే దారి ఉందన్నాడు. ఇత్తడి బిందె తీసేసి, బానెట్‌ను నడుమ కోసి, రేడియేటర్ తల బయటికి వచ్చేలా రంధ్రం పెట్టాలి. తాత అతణ్ని మాట పూర్తి చేయనివ్వలేదు. సాయంత్రం నాలుగింటికి బండ్లు కదలాలి. తాడు కట్టిన బండితో వరుస ముందు నిలబడడం కన్నా ఇంట్లో కూర్చోవడమే నయమని తలుపు వేసుకున్నాడు.

నాయనమ్మ ఆయనకు చెప్పకుండా నన్ను వీధి చివరి రేకుల షెడ్డుకు పంపింది. అక్కడి మిస్త్రీ చాచా వయసులో ఉన్నప్పుడు మా కొట్టంలో పనిచేశాడట. ఒకనాడు పాలక్యాను ఒలికిందని తాత పదిమంది ముందు నానా మాటలూ అని వెళ్లగొట్టాడట. ఆ తరువాతే ఆయన బండ్ల పని నేర్చుకున్నాడు. అప్పటి నుంచి మా గడప తొక్కలేదు. నేను చెప్పింది విని పానాల సంచి భుజాన వేసుకొని నా వెంట నడిచాడు.

తాత బయటికి వచ్చి చూశాడు. చాచా సంచి కింద పెట్టి చెయ్యెత్తాడు.

"సలామ్ మాలిక్."

"కోసుడు గీసుడు వద్దు. సుత్తె పడొద్దు," అన్నాడు తాత.

"సుత్తె తేనే లేదు మాలిక్."

చాచా బండి చుట్టూ తిరిగి, వంగి, లేచి, నా వైపు చూసి ఇంట్లో రొట్టెల పిండి ఉంటే తెమ్మన్నాడు. నేను పరుగెత్తాను. మా ఇంట పనికి వచ్చినవాడు పిండి అడిగాడంటే ఆకలి అని చెప్పడానికి మొహమాటపడ్డాడని నాయనమ్మ లెక్క. నాలుగు వేడి రొట్టెలు, పచ్చిపులుసు ఇచ్చి పంపింది. చాచా నవ్వలేదు. కూర్చొని నాలుగూ తిని, చెయ్యి కడుక్కున్నాడు.

"మస్తున్నయి బేటీ. గిప్పుడు పచ్చి పిండి తే. తినేతందుకు కాదు, బండిని అడిగేతందుకు."

"ఈయన మిస్త్రీనా, వంటోడా?" అంటూనే నాయనమ్మ ముద్ద చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని నిమ్మకాయంత ఉండలుగా చేసి, పైన పొడిపిండి అద్ది, రేడియేటర్ తల మీద ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పెట్టాడు. ఇంకొకటి ఫ్యానుకు ఎదురుగా అంటించాడు. బానెట్‌ను పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా దించి, ఆగినచోట ఆపి, మళ్లీ ఎత్తాడు. ఎడమ కొసన ఉండ అప్పడమైంది. కుడి కొసన ఉండ ఉండగానే ఉంది. ఫ్యానును చేత్తో తిప్పితే రెక్క మూడో ఉండను కత్తిలా కోసింది. నాలుగు రోజులుగా అందరూ బానెట్‌ను తిట్టారు. ఎక్కడ తగులుతోందో, ఎంత తగులుతోందో చూసినవాడు లేడు.

"మాలిక్, మూత తప్పు లేదు. దాని కింద కూసున్నోడు ఎత్తుల కూసున్నడు. అందుల ఒక దిక్కు ఒరిగిండు."

తాత వంగి, అప్పడమైన ఉండను వేలితో తాకి చూశాడు. తరువాత, "అయితే దించు," అన్నాడు.

చాచా బండి కిందికి దూరాడు. గ్యారేజీ అతను రేడియేటర్ కింద చెక్కముక్కలు పేర్చి దాన్ని పీట ఎక్కించి ఉంచాడని అప్పుడు తెలిసింది. ఎడమవైపు ఒక ముక్క ఎక్కువ. చాచా అవన్నీ లాగేసి, పాత టైరు నుంచి పలుచటి రబ్బరు ముక్కలు కోసి పెట్టి, రేడియేటర్‌ను కిందికి దించి, వేలెడంత ముందుకు జరిపాడు. మళ్లీ ఉండలు, మళ్లీ బానెట్. ఈసారి రెండు ఉండలూ ఒక్కలాగే కొద్దిగా నొక్కుకున్నాయి, ఒక్కోటి వేలు మందాన మిగిలింది. ఫ్యాను తిరిగింది, ఉండ కోసుకుపోలేదు. చివరగా బానెట్ కీళ్లు వదులుచేసి, రెండు పక్కల సందులోనూ అగ్గిపుల్లను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, అది ఎక్కడా ఇరుక్కోకుండా సరిచూసి బిగించాడు. ఆ తరువాత నన్ను పిలిచి మూయమన్నాడు. నేను రెండు చేతులతో నొక్కాను. ధప్పుమని ఒకే చప్పుడు. తాడు అవసరం లేకపోయింది.

మూడున్నరకు పూలు కట్టడం మొదలైంది. చాచా సంచి సర్దుకుంటుంటే తాత ముందు తలుపు తెరిచాడు. డ్రైవరు పక్క సీటు అది. మా ఇంటి మగవాళ్లు తప్ప అందులో ఎవరూ కూర్చోలేదు.

"ఎక్కు."

"బట్టలకు గ్రీజున్నది మాలిక్."

తాత తన జరీ కండువా తీసి సీటు మీద పరిచాడు. తాను బండి మెట్టు మీద నిలబడి తలుపు పట్టుకున్నాడు.

బండి పాకింది, ఆగింది, పాకింది. చాచా దారంతా చెవి ఒగ్గి ఇంజన్‌నే విన్నాడు. ఉల్లిగడ్డల సేటు ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"ఏంది బాపు, ఆవలింపు బందైనట్టున్నది?"

ఆ రోజు మా తాత తల తిప్పాడు. "పండుకున్నది సేటూ. జర లొల్లి చేయకు."

వీధంతా నవ్వింది, సేటు కూడా నవ్వాడు. గుడి మలుపు వచ్చింది. డప్పులు అక్కడే పావుగంట ఆగాయి. చుక్క ఆవిరి రాలేదు. పోతరాజు వెనక్కి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి చూసి, పసుపు చేతి గుర్తు వదిలి, ఎగిరి గంతేసి ముందుకు పోయాడు. మా బండే మొదట గుడి చేరింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నడుము ఇంకా వంగలేదు. పెట్టె మూతపడకపోయినా, ఇద్దరి మధ్య మాట కుదరకపోయినా, పైన నొక్కను, దేన్నీ కోయను. కింద ఏది ఎత్తులో కూర్చుందో ముందు చూస్తాను. చాలాసార్లు అది నేనే అయి ఉంటుంది. అది ఒప్పుకొని దిగడం తాత దగ్గర నేర్చుకున్నాను, ఎంత దిగాలో కొలవడం చాచా దగ్గర.

బర్రెలు మా నాన్న కాలంలోనే పోయాయి. కొట్టం, దేవిడీ నేను అమ్మాను. పికప్‌ను ఇత్తడి బిందెతో సహా, దాన్ని గుర్తుకైనా విప్పుకోకుండా, బహదూర్‌పురా గడ్డి వ్యాపారికి అమ్మేశాను.