లిఫ్టాయన చక్రాల ఇల్లు

లిఫ్టులు బాగుచేసే ఉద్యోగంలో ఉన్నంతకాలం లిఫ్టాయనకి ఒకటే బాధ. ఏ స్క్రూ విప్పాలన్నా కంపెనీ పుస్తకంలో రాసినట్టే విప్పాలి, రాసినట్టే బిగించాలి. సొంత తెలివికి చోటే లేదు. ఆ కసంతా తీర్చుకోవడానికి రిటైరైన మర్నాడే ఒక పాత అంబులెన్సు కొని తెచ్చి ఇంటిముందు నిలబెట్టాడు.

"ఎవరికండీ, ఒంట్లో బాగాలేదా?" అంటూ పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"అందరూ దుక్కల్లా ఉన్నాం. దీన్ని ఇల్లు చేస్తున్నా. మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, అన్నీ ఇందులోనే. బుద్ధి పుట్టిన చోట ఆగుతాం. పనంతా నేనే చేస్తా. ఒక్క మనిషిని పిలిస్తే ఒట్టు!"

ఆయన భార్య కిటికీలోంచి అంతా విని మళ్లీ మిషను తొక్కుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఆయన "నేనే చేస్తా" అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పనిచేయడం మానేస్తూనే ఉంది కాబట్టి, ఆవిడకి కొత్తగా దిగులేమీ కలగలేదు.

పని జోరుగా సాగింది. పక్క తలుపుకి అడ్డంగా వంటగట్టు కట్టేశాడు. డ్రైవరు సీటుకీ వెనక గదికీ మధ్య బీరువా బిగించాడు. ఉన్న ఒక్క కిటికీనీ కదలకుండా స్క్రూలు దిగ్గొట్టి, స్క్రూల తలలు కనిపించకుండా లప్పం పూసి, పైన రంగు కూడా వేశాడు. నునుపుగా వచ్చింది. తడిమి తడిమి మురిసిపోయాడు.

నీళ్ల మోటారు దగ్గరే చిన్న తిరకాసు వచ్చింది. స్విచ్చి నొక్కితే కొళాయిలో నీళ్లతోపాటు నెత్తిమీద సైరను కూడా మోగింది. ఏ వైరు దేనిదో ఎంత వెతికినా అంతు చిక్కలేదు. మొదట్లో రోడ్డుమీద బళ్లన్నీ హడలిపోయి పక్కకి తప్పుకునేవి. తర్వాత వీధికి అలవాటైపోయింది. సైరను మోగితే, "ఏం లేదు, లిఫ్టాయన చేతులు కడుక్కుంటున్నాడు" అనుకుని ఎవరి పని వాళ్లు చూసుకునేవాళ్లు.

ఇంతలో వానలు పట్టాయి. వ్యానులో సరిగ్గా ఆయన తలగడ మీదే నీటిబొట్లు పడటం మొదలైంది. పైకప్పు మీద బంక పూశాడు. ఆగలేదు. బంక మీద బంక పూశాడు. అయినా ఆగలేదు. చివరికి ఆయన అనుమానం వెనక తలుపు మీదికి పోయింది. పాత రబ్బరు పీకేసి, కొత్త రబ్బరుకి రెండువైపులా బంక దట్టంగా పట్టించాడు.

"ఇదిగో, ఒకసారి లోపలికి రా. తలుపు మూస్తే ఎక్కడైనా వెలుతురు కనిపిస్తోందేమో ఇద్దరం చూద్దాం," అని పిలిచాడు.

ఆవిడ కొలతల టేపు మెడలో వేసుకునే వచ్చింది. ఎలాగూ కర్టెన్లకి కొలతలు తీసుకోవాలి. ఆయన తలుపు గట్టిగా లాగి మూశాడు. తలుపు చుట్టూ ఎక్కడా వెలుతురు లేదు.

"చూశావా! చీమ కూడా దూరదు."

"సరే, ఇక తెరవండి."

తలుపు రాలేదు. తోశాడు. భుజం ఆనించి తోశాడు. వంటగట్టుకి కాలు తన్నిపెట్టి తోశాడు. వంటగట్టు కదిలింది గానీ తలుపు కదల్లేదు. ఫోనేమో బయట నిచ్చెన మీద పెట్టి వచ్చాడు. అది మోగుతున్న చప్పుడు మాత్రం శుభ్రంగా వినిపిస్తోంది.

ఆయనకి చెమటలు పట్టాయి. ఆవిడ నింపాదిగా మంచం మీద కూర్చుంది.

"కంగారు పడకండి. గాలి ఆడుతుంది. గోడకి ఆనుకుని కూర్చోండి. తలుపు మీరు లాగొద్దు."

"ఈ మాటలు ఎక్కడో విన్నట్టుందే?"

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి మీరు చెప్పేవేగా. రోజూ భోజనం దగ్గర వినిపించేవారు."

ఇన్నేళ్లూ అవి ధైర్యం చెప్పే మాటలని ఆయన నమ్మకం. అవి వింటుంటే చెప్పినవాడి పీక పిసకాలనిపిస్తుందని ఆ రోజే తెలిసింది.

మోటారు స్విచ్చి నొక్కాడు. సైరను వీధి దద్దరిల్లేలా మోగింది. వీధిలోంచి ఎవరిదో గొంతు వినిపించింది: "ఇవాళ స్నానం కూడా చేస్తున్నట్టున్నాడు!"

ఇక చేసేదిలేక ఆయన కూడా మంచం మీద వాలాడు. ఆవిడా పడుకుంది. ఆవిడ పాదాలు మంచం దాటి గాల్లో వేలాడుతున్నాయి.

"మంచం ఎవరి కొలతకి చేశారు?"

"నా కొలతకే," అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది, ఆవిడ తనకంటే పొడుగని.

బయట వాన అందుకుంది. ఇద్దరూ వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తున్నారు. లైటు పక్కనుంచి ఒక బొట్టు బయల్దేరి, వైరు పట్టుకుని వయ్యారంగా నడిచొచ్చి, ఆయన ముక్కుమీద టప్పున రాలింది.

"సైరను వైరు వెతకడానికి పైన మీరు పెట్టిన బెజ్జమేనా అది?" అంది ఆవిడ.

అదే. బంక పూయని చోటు అదొక్కటే. ముందు ఆవిడకి నవ్వొచ్చింది, తర్వాత ఆయనకీ ఆగలేదు. కొత్తగా కాపురం పెట్టిన రోజుల తర్వాత పట్టపగలు పనులన్నీ మానేసి ఇద్దరూ అలా పక్కపక్కన పడుకోవడం ఇదే.

అంతలో ప్యాంటు పొట్టి చేయించుకుందామని ఆవిడ తమ్ముడు వచ్చాడు. లోపల్నుంచి నవ్వులు విని తలుపు తట్టాడు. సంగతి తెలిసి పిడి పట్టుకుని లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

"బావా, మెకానిక్కుని పిలవనా?"

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది.

"పిలువు," అన్నాడు ఆయన, పన్ను పీకించుకున్నంత బాధగా.

వీధి చివరి మెకానిక్కు వచ్చి, బయటున్న మడతబందులు విప్పి, తలుపుని రబ్బరుతో సహా పెకలించి కింద పెట్టాడు. అతికిన రబ్బరుని వేలితో పొడిచి చూసి, "ఎవరు చేశారండీ ఈ పని? ఇంత గట్టిగా అతికించడం నేనెక్కడా చూళ్లేదు!" అన్నాడు.

పడుతున్న సిగ్గంతా మరిచి పొంగిపోయి, "నేనే చేశా," అన్నాడు లిఫ్టాయన.

ఆ మెకానిక్కే సైరను తీసేసి బెజ్జం మూశాడు. మంచం మళ్లీ చేశారు, ఈసారి ఆవిడ టేపుతో. తర్వాత ఆవిడ పట్టుబట్టి కుట్టుమిషను కూడా లోపల బిగించమంది. ఆయన ప్రతి స్క్రూకీ ముందు, "ఇక్కడేనా?" అని అడిగి మరీ బిగించాడు.

ఇప్పుడు వాళ్లు ఎక్కడ చెట్టునీడన ఆగినా, చిరిగిన గుడారాలూ తెగిన సంచులూ పట్టుకుని జనం చేరతారు. ఆవిడ కుడుతూ ఉంటుంది. ఆయన దారం ఎక్కించి ఇస్తూ, వచ్చినవాళ్లకి తలుపు రబ్బరు చూపిస్తూ ఉంటాడు.