చల్లారని ఇంజిను

ఇంజిన్ల ట్యాపెట్లు సరిచేసే మేస్త్రికి కళ్లతో పనేముందని తోటి మెకానిక్కులు హాస్యమాడేవారు. ఇంజిను మూత విప్పి, వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్యనున్న ట్యాపెట్ సందులో, దాన్ని కొలిచే ఫీలర్ గేజి రేకు దూర్చగానే ఆయన కళ్లు మూసుకునేవాడు. ఆ పల్చటి రేకును లాగితే, దూడ చేతిని నాకినట్టు రావాలి. మరీ వదులైతే ఇంజిను టకటకమంటుంది. బిగుసుకుంటే వాల్వు సరిగ్గా మూసుకోక మాడిపోతుంది, బండి ఎత్తు మీద చతికిలబడుతుంది. పైగా ఇప్పుడు షెడ్డులో ఉన్న వ్యానుకి ఆ సందు కొలత చల్లటి ఇంజిను మీదే తీయాలి. వేడికి ఇనుము ఉబ్బి అబద్ధం చెబుతుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది.

అది మేస్త్రి అన్నగారి వ్యాను. ఆయన పోయినప్పటి నుంచీ షెడ్డులోనే పడి ఉంది. బ్యాటరీ కూడా విప్పి పక్కన పెట్టారు. అయినా మేస్త్రి ఎప్పుడు చెయ్యి వేసినా ఇంజిను వెచ్చగానే తగిలేది, ఎవరో ఇప్పుడే తిప్పి తెచ్చి ఆపినట్టు.

"మీ చేతులే చల్లబడ్డాయి," అంది భార్య.

"చేతులదేం తప్పు? నువ్విచ్చే టీ చల్లారిందని మాత్రం బాగానే తెలుస్తోందిగా!"

ఇక వాయిదా వేయడానికి వీల్లేదు. మధ్యాహ్నం కూతురు ఆ వ్యానులో కొండ మీది ఆసుపత్రికి మందుల పెట్టెలు చేర్చాలి. కొత్తగా దొరికిన పని, మొదటి ట్రిప్పే తప్పితే అది ఇంకొకరికి పోతుంది. తప్పు కొలతతో పంపితే బండి కొండ మలుపులో ఆగిపోయి వెనక్కి జారవచ్చు.

"నాన్నా, అయిందా?" అంటూ కూతురు డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుంది.

"మీ పెదనాన్న బండి కదమ్మా, బతిమాలించుకుంటోంది."

మేస్త్రి ఇంజినును చేత్తో కదిల్చే క్రాంకు తిప్పి వదిలి, కళ్లు మూసుకుని రేకు దూర్చాడు. బిగుసుకుంది. లాగబోతే వదులైంది. మళ్లీ బిగుసుకుంది. క్రాంకు మీద ఎవరి చెయ్యీ లేదు. నిద్రపోయే మనిషి పక్కటెముకల మధ్య వేలు పెట్టినట్టు, ఆ సందు నెమ్మదిగా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

అన్న ఉన్నప్పుడూ అంతే. ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోనిచ్చేవాడు కాదు. అన్నానికి పిలిస్తే హారను కొట్టి బదులిచ్చేవాడు.

"అన్నా," మేస్త్రి గొంతు తగ్గించాడు, "ఇంక చాల్లే, దిగు. పిల్ల నడుపుతుంది."

రేకు పటకారుకి చిక్కినట్టు ఆగిపోయింది. రెండు చేతులతో లాగినా రాలేదు. అవతలి కొస పట్టుకుని ఎవరో లోపలికి గుంజుతున్నారు.

"ఎవరితో నాన్నా మాటలు?"

"మీ పెదనాన్నతో. దిగనంటున్నాడు."

కూతురు నవ్వలేదు. స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పోనీ, దిగొద్దులే పెదనాన్నా. పక్కకి జరుగు. కొండదారి నాకు కొత్త, ఏ మలుపు ఎలా తిప్పాలో చెబుదువుగాని. స్టీరింగు మాత్రం నాది."

పక్క సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. రేకు మెత్తగా మేస్త్రి చేతిలోకి వచ్చేసింది. ఇంజినును తాకి చూస్తే, బావిలోంచి తీసిన రాయిలా చల్లగా ఉంది. ఆయన గబగబా మిగతా సందులు కొలిచి, నట్లు బిగించి, మూత వేసి, బ్యాటరీ తగిలించాడు. ఇంజిను ఒక్క దెబ్బకి అందుకుంది.

వ్యాను కదిలింది, బరువైన మనిషి కూర్చున్నట్టు పక్క సీటు వైపు ఒరిగి. వీధి చివర కూతురి గొంతు గట్టిగా వినిపించింది.

"నాకు తెలుసు పెదనాన్నా, గేరు నేనే మారుస్తాను!"

ఆ మాట పూర్తి కాకముందే గేరు మారిన చప్పుడైంది.